కాలిఫోర్నియాలో మైక్రోబ్లేడింగ్, టాటూ, పియర్సింగ్ పని మొదలుపెట్టాలంటే: కౌంటీ రిజిస్ట్రేషన్ నుంచి ఇన్‌స్పెక్షన్ దాకా

మూడు రోజుల మైక్రోబ్లేడింగ్ (సన్నని బ్లేడుతో గీసి కనుబొమ్మల చర్మంలోకి రంగు దించడం) కోర్సు చేసి, బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ పట్టుకుని కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసు కౌంటర్ ముందు నిలబడ్డాను. అక్కడున్నావిడ దాన్ని చదవను కూడా చదవలేదు. పక్కకు జరిపి, "హెపటైటిస్ బి టీకా కాగితం తెచ్చారా?" అని అడిగింది. కోర్సు చెప్పినచోట ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. "మీరిక సర్టిఫైడ్, రేపటినుంచే క్లయింట్లను తీసుకోవచ్చు" అని పంపించేశారు. ఆ మాట నమ్మి ఇంట్లో కుర్చీ వేసుకుని మొదలుపెట్టి ఉంటే నామీద క్రిమినల్ కేసు పడే అవకాశం ఉండేదని నాకు ఆ కౌంటర్ దగ్గరే తెలిసింది.

ఈమధ్య మన తెలుగు అమ్మాయిలు చాలామంది ఐబ్రో పని నేర్చుకుంటున్నారు. నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి "అక్కా, లైసెన్స్ ఎలా?" అని అడుగుతారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది కాలిఫోర్నియా వరకే. పక్క రాష్ట్రం పద్ధతి వేరు. టెక్సస్‌లో రాష్ట్ర ఆరోగ్య శాఖే స్టూడియోకి లైసెన్స్ ఇస్తుంది. ఓరెగాన్‌లో పని చేసే మనిషి శిక్షణ గంటలు కూడా చూపించాలి. ఇక్కడ అలా కాదు.

ఇక్కడి చట్టం పేరు సేఫ్ బాడీ ఆర్ట్ యాక్ట్. 2011లో చేశారు, 2012 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇది మీ చేతి నైపుణ్యాన్ని పరీక్షించదు. కనుబొమ్మ వంకరగా గీశారా, చక్కగా గీశారా అన్నది దానికి పట్టదు. దానికి కావలసింది ఒక్కటే: ఒకరి రక్తం ఇంకొకరికి తగలకూడదు. కింద చెప్పే ప్రతి కాగితం, ప్రతి సింకు, ప్రతి డబ్బా అందుకోసమే. అది గుర్తుంచుకుంటే రూల్స్ బట్టీ పట్టాల్సిన పని ఉండదు, సగం మీకే తట్టేస్తాయి.

మీ పని ఈ చట్టం కిందికి వస్తుందా?

ఈ చట్టంలో బాడీ ఆర్ట్ అంటే నాలుగు: టాటూ, పియర్సింగ్, బ్రాండింగ్ అంటే వాతలు పెట్టడం, పర్మనెంట్ కాస్మెటిక్స్. మైక్రోబ్లేడింగ్, పౌడర్ బ్రోస్, లిప్ బ్లష్, పర్మనెంట్ ఐలైనర్ అన్నీ ఆ నాలుగోదాని కిందికే వస్తాయి. "ఇది టాటూ కాదండీ, సెమీ పర్మనెంట్" అని కోర్సువాళ్ళు చెప్పే మాట ఇక్కడ చెల్లదు. చర్మంలోకి రంగు దించితే అది బాడీ ఆర్టే.

ఐబ్రో థ్రెడింగ్ దీని కిందికి రాదు. గోరింటాకు కూడా రాదు, ఎందుకంటే అది చర్మం పైనే ఉంటుంది. కానీ పది నిమిషాల్లో నల్లగా పండే "బ్లాక్ హెన్నా" కోన్లు అమ్మే వాళ్ళకో మాట. అందులో తరచుగా ఉండేది పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం. దాన్ని చర్మానికి పూయడానికి ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ) అనుమతి లేదు. బొబ్బలెక్కి మచ్చలు మిగిలిన చేతులు నేను చూశాను.

చాలామంది తికమకపడేది కాస్మెటాలజీ లైసెన్స్ దగ్గర. బ్యూటీ పార్లర్ పనికి రాష్ట్ర బోర్డు ఇచ్చే ఆ లైసెన్స్ మీ దగ్గరుంటే మంచిదే, కానీ మైక్రోబ్లేడింగ్‌కి అది పనికిరాదు. దీనికి కౌంటీ ఆరోగ్య విభాగం దగ్గరికే వెళ్ళాలి.

చెవులు కుట్టడంలో ఒక మెలిక ఉంది. మాల్‌లో గన్‌తో, ఒక్కసారికే వాడే స్టడ్‌తో చెవి కుడితే అది ఈ చట్టం చెప్పే పియర్సింగ్ కాదు. ఆ దుకాణం కౌంటీకి విడిగా తెలియజేస్తే చాలు. ఆ మినహాయింపు చెవికి మాత్రమే. అదే గన్‌తో ముక్కు కుడతామని ఎవరైనా అంటే వచ్చేయండి.

మీ ఆఫీసు ఏది?

రాష్ట్రంలో ఒకే చట్టం, అమలు మాత్రం కౌంటీలది. బర్క్‌లీ, లాంగ్ బీచ్, పాసడీనా, వెర్నన్ నగరాలకు సొంత ఆరోగ్య విభాగాలున్నాయి. మిగతా అన్నిచోట్లా కౌంటీయే.

చూడాల్సింది మీ ఇల్లు ఎక్కడని కాదు, కుర్చీ ఎక్కడని. నేనుండేది ఫ్రీమాంట్, అంటే అలమీడా కౌంటీ. నా మొదటి గది మిల్పీటస్‌లో దొరికింది, పది నిమిషాల దూరం. కానీ అది శాంటా క్లారా కౌంటీ. ఒక నెల అలమీడా వెబ్‌సైటు చదివి ఫారాలు నింపాక గానీ ఆ సంగతి తట్టలేదు. డబ్లిన్, శాన్ రామోన్ దగ్గర కూడా ఇదే గొడవ. రోడ్డు దాటితే కౌంటీ మారిపోతుంది. ఫీజులు, ఫారాలు, అపాయింట్‌మెంట్ పద్ధతి కౌంటీకొక రకం కాబట్టి ఫ్రెండ్ చెప్పిన అంకె పట్టుకుని కూర్చోకండి.

ఒక కౌంటీలో రిజిస్టరైనవాళ్ళు ఇంకో కౌంటీకి వెళ్ళి పనిచేయవచ్చు. కానీ వరసగా 5 రోజులు, ఏడాది మొత్తం మీద 15 రోజులు మించకూడదు. అది దాటితే అక్కడ కూడా రిజిస్టర్ కావాలి.

మొదటి కాగితం: మనిషికి

కావలసినవి రెండు కాగితాలు, ఒకటి మనిషికి, ఒకటి చోటుకి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం టెన్షన్.

మనిషికి కావలసింది ప్రాక్టీషనర్ రిజిస్ట్రేషన్. ఏడాదికోసారి తీసుకోవాలి. 18 ఏళ్ళు నిండినట్టు రుజువు, పనిచేసే చోటు చిరునామా, చట్టం తెలుసు పాటిస్తాను అని సంతకం, ఫీజు. ఇవి గంట పని. టైమ్ తినేవి మిగతా రెండూ.

హెపటైటిస్ బి కాగితంతోనే మొదలుపెట్టండి. ఇండియాలో ప్రభుత్వ టీకాల్లోకి ఇది ఆలస్యంగా వచ్చింది. నలభైలకు అటూ ఇటూ ఉన్న మనలో చాలామందికి చిన్నప్పుడు పడలేదు. పడినవాళ్ళ దగ్గర కూడా కార్డు ఉండదు, వైజాగ్‌లో అమ్మ బీరువాలో వెతకాలి. కాబట్టి ముందు మీ డాక్టర్‌ని అడిగి యాంటీబాడీ రక్తపరీక్ష చేయించుకోండి. రోగనిరోధక శక్తి ఉన్నట్టు రిపోర్టు వస్తే అదే చాలు. లేకపోతే టీకా వేయించుకోవాలి. మామూలు టీకా మూడు డోసులు, పూర్తయ్యేసరికి ఆరు నెలలు. హెప్లిసావ్ బి అనే టీకా అయితే పెద్దవాళ్ళకు రెండే డోసులు, నెల తేడాతో. పేరు పెట్టి అడగండి, లేకపోతే వాళ్ళ దగ్గరున్నదే వేసి పంపిస్తారు.

టీకా వద్దనుకుంటే నిరాకరణ ఫారం మీద సంతకం చేసి కూడా రిజిస్టర్ కావచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. నా సలహా మాత్రం టీకా వేయించుకోమనే. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మనం చేసేది రోజూ సూదితో పని.

రెండోది బ్లడ్‌బోర్న్ పాథోజెన్ ట్రైనింగ్, అంటే రక్తం ద్వారా సోకే క్రిముల గురించి శిక్షణ. తక్కువలో తక్కువ రెండు గంటలు, ఏటా చేయాలి. ఆసుపత్రి నర్సుల కోసం, డెంటల్ క్లినిక్‌ల కోసం చేసిన కోర్సులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. అవి కొని మోసపోకండి. బాడీ ఆర్ట్ కోసం ఉండాలి, మీ కౌంటీ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ముందు కౌంటీ జాబితా తెరిచి, అందులోంచే ఎంచుకోండి.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కౌంటీ రిజిస్ట్రేషన్ వచ్చినంత మాత్రాన పనిచేసే హక్కు వచ్చినట్టు కాదు. హెచ్4 (హెచ్1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) లేకపోతే, సొంత బిజినెస్ అయినా, క్యాష్ తీసుకున్నా అది ఉద్యోగం కిందికే వస్తుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకమాట అడగకుండా అడుగు వేయకండి.

రెండో కాగితం: చోటుకి

చోటుకి కావలసింది హెల్త్ పర్మిట్. ఇది యజమాని పేరుమీద, ఆ చిరునామాకి మాత్రమే ఇస్తారు. దుకాణం అమ్మితే పర్మిట్ కూడా చేతులు మారదు.

అప్పటికే పర్మిట్ ఉన్న స్టూడియోలో ఒక కుర్చీ అద్దెకు తీసుకుంటే మీకు మనిషి కాగితం ఒక్కటీ చాలు. మొదటి ఏడాది అలాగే చేయండి. సొంత గది మోజులో నేను నాలుగు నెలల అద్దె ఖాళీ గదికి కట్టాను.

సొంతంగానే పెట్టాలనుకుంటే లీజు మీద సంతకం పెట్టకముందే సిటీ ప్లానింగ్ విభాగానికి వెళ్ళి, ఆ బిల్డింగులో బాడీ ఆర్ట్‌కి జోనింగ్ (ఏ చోట ఏ వ్యాపారం ఉండొచ్చో చెప్పే సిటీ రూల్) ఒప్పుకుంటుందా అని అడగండి. ఒకప్పుడు కొన్ని ఊళ్ళు టాటూ షాపుల్ని అసలు రానిచ్చేవి కావు. హెర్మోసా బీచ్ అలాగే నిషేధిస్తే, 2010లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు టాటూ వేయడం కూడా భావప్రకటనే, రాజ్యాంగ రక్షణ ఉంటుందని ఆ నిషేధం కొట్టేసింది. పూర్తిగా వద్దనలేరు గానీ ఏ వీధిలో, ఏ షరతులతో అనేది ఇప్పటికీ సిటీ చేతిలోనే ఉంది.

ఇంట్లో చేయవచ్చా అన్నది అందరూ అడిగేదే. పడుకునే, స్నానం చేసే, వంట చేసే చోటుకి పని గది పూర్తిగా వేరుగా ఉండాలి. అపార్ట్‌మెంట్ హాల్లో తెర కట్టి చేస్తే కుదరదు. హెయిర్ సెలూన్‌లో ఒక మూల తీసుకున్నా జుట్టు, గోళ్ళ పని జరిగే చోటునుంచి విడిగా ఉండాలి. వెంట్రుకలు, గోళ్ళ పొడి గాల్లో తేలే చోట తెగిన చర్మాన్ని పెట్టుకుని కూర్చోలేం కదా.

గోడలు, నేల కడగడానికి వీలుగా నున్నగా ఉండాలి. పని గదిలో తిండి, తాగుడు, పొగ కుదరవు. పెంపుడు జంతువులు రాకూడదు. సర్వీస్ డాగ్‌కి మినహాయింపు, వెయిటింగ్ హాల్లో చేపల తొట్టికి కూడా.

అన్నిటికంటే ఎక్కువమంది బోల్తాపడేది చేతులు కడుక్కునే సింకు దగ్గర. వేడినీళ్ళు, చన్నీళ్ళు రెండూ రావాలి. డబ్బాలో లిక్విడ్ సబ్బు ఉండాలి. కాగితం తువ్వాళ్ళు గోడకి బిగించిన, చేత్తో ముట్టుకోకుండా వచ్చే డిస్పెన్సర్‌లోంచి రావాలి. నా మొదటి ఇన్‌స్పెక్షన్‌లో సింకు పక్కన కొత్త పేపర్ రోల్ నిలబెట్టి పెట్టాను, శుభ్రంగానే ఉంది. ఇన్‌స్పెక్టర్ కుళాయి తిప్పి చెయ్యి తడి చేసుకుని, ఆ తడిచేత్తో రోల్ పట్టుకుని ఒక కాగితం చింపాడు. రోల్ మీద అతని వేళ్ళ తడి అచ్చులు పడ్డాయి. "మీ తర్వాతి కాగితం మీద ఇప్పుడు నా చెయ్యి ఉంది" అన్నాడు. ఇరవై డాలర్ల ప్లాస్టిక్ డబ్బా లేక ఇంకో రెండు వారాలు ఆగాను.

డిస్పోజబులా, ఆటోక్లేవా?

పియర్సింగ్ చేసేవాళ్ళకు ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో పనిముట్లలోని క్రిముల్ని చంపే మెషీన్) తప్పకపోవచ్చు. మైక్రోబ్లేడింగ్‌కి అక్కర్లేదు. ఒక్కసారి వాడి పారేసే, ముందే స్టెరిలైజ్ చేసిన బ్లేడులు, హ్యాండిల్స్ కొంటే స్టెరిలైజేషన్ గది అవసరమే ఉండదు. అయితే ఒక షరతు ఉంది. ఆ సరుకు నిజంగా స్టెరిలైజ్ అయిందని కంపెనీ లెటర్‌హెడ్ మీద, లాట్ నంబరుతో (ఒకేసారి స్టెరిలైజ్ చేసిన సరుకుకి ఇచ్చే నంబరు) కాగితం ఉండాలి. ఆ లాట్ నంబరు మీ ప్యాకెట్ మీది నంబరుతో కలవాలి. ఆన్‌లైన్‌లో వంద బ్లేడులు పది డాలర్లకు అమ్మేవాళ్ళ దగ్గర ఆ కాగితం అడిగి చూడండి, సమాధానం రాదు. ఏ క్లయింట్‌కి ఏ రోజు ఎవరు చేశారో కూడా పుస్తకంలో రాసుకోవాలి.

ఆటోక్లేవ్ పెట్టుకుంటే కనీసం నెలకోసారి స్పోర్ టెస్ట్ చేయాలి. బతికున్న బీజాంశాలున్న స్ట్రిప్‌ని మామూలు సరుకుతోపాటు మెషీన్‌లో పెట్టి, అవి చచ్చాయో లేదో ల్యాబ్‌లో చూపించుకోవడం. ప్రతి లోడుకీ ఇండికేటర్, ప్రతి లోడుకీ లాగ్ ఉంటాయి. ఒక్కదాన్నే నడుపుకునే గదికి ఇంత తలనొప్పి ఎందుకని నేను డిస్పోజబుల్‌కే కట్టుబడ్డాను.

వాడిన సూదులు, బ్లేడులు గుచ్చుకోని షార్ప్స్ డబ్బాలోకే వెళ్ళాలి. చెత్తబుట్టలోకి కాదు. ఆ డబ్బాని మెడికల్ వేస్ట్ తీసుకెళ్ళే కంపెనీకి ఇచ్చి రసీదు దాచుకోండి.

ఇన్ఫెక్షన్ నివారణ ప్లాన్

చోటు పర్మిట్‌కి ఇది రాసి ఇవ్వాలి. బల్ల ఎలా తుడుస్తారు, సరుకు ఎక్కడ దాస్తారు, పనికి ముందు ఏమి పరుస్తారు, తర్వాత ఏది ఏ డబ్బాలో వేస్తారు అన్నీ ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్లాన్ డౌన్‌లోడ్ చేసి పేరు మార్చి ఇస్తే, మీ దగ్గర లేని ఆటోక్లేవ్ గురించి అందులో రెండు పేజీలు ఉంటాయి. నాకు తెలిసిన ఒకావిడ అలాగే దొరికిపోయింది. ఒక రోజు మీ పనిని మీరే ఫోన్‌లో వీడియో తీసుకుని, అది చూస్తూ రాయండి. చేతొడుగులతో ఎన్నిసార్లు ఫోన్ ముట్టుకున్నారో అప్పుడు తెలుస్తుంది. నేను తీసుకున్న మొదటి వీడియోలో నలభై నిమిషాల్లో ఆరుసార్లు.

పిగ్మెంట్ సీసాలోంచి నేరుగా ముంచుకోకూడదు. ఒక్కసారికే వాడే చిన్న కప్పులో పోసుకుని, మిగిలింది పారేయాలి. ఎంత ఖరీదైనదైనా సరే. పల్చన చేయడానికి కుళాయి నీళ్ళు వాడకూడదు.

క్లయింట్ సంతకం, ఆరోగ్య ప్రశ్నలు

పని మొదలుపెట్టకముందే క్లయింట్ చదివి సంతకం పెట్టాల్సిన ఫారం ఉంటుంది. ఏమి చేస్తారు, ఇది శాశ్వతం, తర్వాత జాగ్రత్తలేంటి, ఇన్ఫెక్షన్ లక్షణాలేంటి అన్నవి అందులో ఉండాలి. టాటూ ఇంకులు, పిగ్మెంట్లు ఎఫ్‌డీఏ ఆమోదించినవి కావు అన్న వాక్యం తప్పనిసరి. అది చూసి క్లయింట్ భయపడితే దాచకండి, నిజమే అది. ఇంకుల్లో సూక్ష్మజీవులు చేరకుండా తయారీదారులు ఏమి చూసుకోవాలో ఎఫ్‌డీఏ 2024లో గైడెన్స్ కూడా ఇచ్చింది.

దానితోపాటు ఆరోగ్య ప్రశ్నావళి: గర్భం, షుగర్, రక్తం గడ్డకట్టని జబ్బులు, గుండె కవాటం సమస్య, అలర్జీలు, పనిచేసే చోట హెర్పిస్ వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు. మన ఆంటీలకు ఫారం ఇచ్చి ఊరుకుంటే అన్నిటికీ "నో" అని టిక్కు పెట్టేస్తారు. "షుగర్ ఉందా ఆంటీ?" అని అడిగాను ఒకావిడని. "లేదమ్మా." "మాత్రలేమైనా వేసుకుంటున్నారా?" "మెట్‌ఫార్మిన్ వేసుకుంటా కదా, అందుకే లేదు." అప్పటినుంచి నేను జబ్బు పేరు అడగడం మానేసి మాత్రల స్ట్రిప్పులు చూపించమంటున్నాను.

ఈ ఫారాలు గోప్యంగా, తాళం వేసిన చోట ఉంచాలి.

పిల్లలు, ముక్కుపుడకలు

18 ఏళ్ళ లోపు వాళ్ళకి టాటూ గానీ మైక్రోబ్లేడింగ్ గానీ వేయకూడదు, అమ్మానాన్నలు పక్కన నిలబడి ఒప్పుకున్నా సరే. పదిహేడేళ్ళ కూతురికి గ్రాడ్యుయేషన్ గిఫ్ట్‌గా ఐబ్రోస్ చేయమని అడిగే తల్లులకి నేను కేకు కొనమని చెబుతాను.

పియర్సింగ్‌లో కొంచెం వీలుంది. ముక్కు కుట్టించుకోవాలంటే 18 లోపు వాళ్ళకి తల్లో తండ్రో చట్టపరమైన గార్డియనో పక్కనుండాలి. నానమ్మ, పిన్ని చాలరు.

మనవాళ్ళకి అసలు షాక్ తగిలేది ముక్కుపుడక దగ్గర. విజయవాడ కంసాలి చేసిన 22 క్యారెట్ల పుడక పట్టుకుని వస్తారు. కొత్తగా కుట్టిన రంధ్రంలో పెట్టే నగకి చట్టం లోహాల జాబితా ఇచ్చింది: ఇంప్లాంట్ గ్రేడ్ స్టీలు, టైటానియం, నియోబియం, ప్లాటినం, పూత కాకుండా లోపలంతా 14 నుంచి 18 క్యారెట్లే ఉన్న బంగారం. 22 ఆ జాబితాలో లేదు. పైగా పెట్టే ముందు స్టెరిలైజ్ చేసి ఉండాలి. "ఎక్కువ మంచి బంగారం కదండీ" అని వాదించకండి, పియర్సర్ చేతిలో ఏమీ లేదు. టైటానియంతో కుట్టించుకుని, పుండు పూర్తిగా మానాక పుడక మార్చుకోండి.

ఇన్‌స్పెక్షన్ రోజు

పర్మిట్ ఇచ్చే ముందు కౌంటీ ఇన్‌స్పెక్టర్ ఒకసారి వస్తారు, తర్వాత ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చు. రిజిస్ట్రేషన్, పర్మిట్ రెండూ కనిపించేలా గోడకి ఉండాలి. ట్రైనింగ్ కాగితాలు, బ్లేడుల లాట్ కాగితాలు, షార్ప్స్ రసీదులు, క్లయింట్ లాగ్ ఒకే ఫైల్లో పెట్టుకోండి. వెతుక్కుంటూ నిలబడితే అతనికి వేరే అనుమానాలు వస్తాయి.

చాలాసార్లు వాళ్ళు "ఒక పని ఎలా మొదలుపెడతారో చేసి చూపించండి" అంటారు. చేతులు కడుక్కుని, శుభ్రమైన ఏప్రన్ వేసుకుని, గ్లవ్స్ వేసుకుని, మెషీన్‌కి, వైరుకి, స్ప్రే సీసాకి ప్లాస్టిక్ తొడుగు వేసి, అప్పుడు ప్యాకెట్ తెరవాలి. గ్లవ్స్ వేసుకున్నాక దీపం సర్దినా, జుట్టు వెనక్కి తోసినా అవి తీసేసి మళ్ళీ మొదటినుంచి. ఇంట్లో మావారిని కుర్చీలో కూర్చోబెట్టి పదిసార్లు చేసుకుని వెళ్ళాను.

రిజిస్ట్రేషన్ లేకుండా పనిచేసినా, పర్మిట్ లేని చోటు నడిపినా అది మిస్‌డిమీనర్. ట్రాఫిక్ టికెట్ లాంటిది కాదు, క్రిమినల్ రికార్డు. గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్నవాళ్ళకి దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

మేళాల్లో స్టాల్

తెలుగు సంఘం దీపావళి సంబరాల్లో స్టాల్ పెట్టి అక్కడే ముక్కులు కుడతామని ఒకరిద్దరు అడిగారు. దానికి విడిగా తాత్కాలిక ఈవెంట్ పర్మిట్ ఉంటుంది. ఆ దరఖాస్తు సంబరాలు నిర్వహించేవాళ్ళే కౌంటీకి పెట్టుకోవాలి. మీ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉండాలి. చేతులు కడుక్కునే ఏర్పాటు, జనానికీ పనికీ మధ్య అడ్డు, షార్ప్స్ డబ్బా అన్నీ స్టాల్లో కూడా కావాలి. సంఘం కమిటీ ఇదంతా చేస్తుందన్న ఆశ నాకు లేదు. అక్కడ గోరింటాకు స్టాల్ పెట్టుకుని, ముక్కుకి అపాయింట్‌మెంట్ కార్డులు పంచుకోండి.